పేర్లలో దాగిన వింతలు

అనుదినం పలుకుతూ ఉన్నందువల్ల కొన్ని పేర్లలోని వింత మన చెవికి సోకదు. హైదరాబాదుకు దక్షిణాన పారిశ్రామికవాడగా పేరొందిన కాటేదాన్ నుండి విమానాశ్రయం వైపు సాగే దారి ఇందుకు నిదర్శనం.

కాటేదాన్ సమీపంలోని మైలార్‌దేవ్‌పల్లి పేరులో మైలారుదేవుడున్నాడు. ఆయన జానపదులు కొలిచే మల్లన్నయే. కాకతీయుల నాటి ఓరుగల్లును వర్ణించిన 'క్రీడాభిరామం'లోనూ ఆయన భక్తుల సాహసకృత్యాలు కనిపిస్తాయి. మరికొంత దూరం సాగితే గగన్‌పహాడ్. 'గగనం' సంస్కృతం, 'పహాడ్' ఉర్దూ. రెండు భాషలూ కలిసి ఒక కొండను ఆకాశానికెత్తాయి. ఆపైన శంషాబాద్. అరబ్బీలో 'షమ్స్' అనగా సూర్యుడు. పైగా వంశపు ప్రభువుల 'షమ్స్-ఉల్-ఉమ్రా' బిరుదు నుండి ఈ పేరు ఏర్పడిందంటారు. 2008లో ఇక్కడ విమానాశ్రయం ప్రారంభమైంది. ఆకాశమూ సూర్యుడూ ఏనాడో కొలువైన దారికి విమానాలే ఆలస్యంగా వచ్చాయి!

అయితే అన్ని పేర్లూ ఇలా ఉల్లాసం కలిగించవు. కాటేదాన్ చెంతనే నూర్ మహమ్మద్ కుంట ఉంది. 'నూర్' అనగా అరబ్బీలో వెలుగు. 'కుంట' అనగా తెలుగులో చిన్న చెరువు. పరిశ్రమల వ్యర్థజలాలు చేరి ఆ వెలుగు మాసిపోయింది. నీరు చెడినా, ఇంకినా, పేరు మాత్రం ఒకనాటి స్థితిని చెబుతూనే ఉంటుంది. నగరం నడుమనున్న మాసాబ్ ట్యాంక్‌ను చూడండి. కుతుబ్‌షాహీ రాణి హయాత్ బక్షీ బేగంను ప్రజలు 'మా సాహెబా' అని గౌరవంగా పిలిచేవారు. ఆమె పేరిట వెలసిన చెరువు నేడు లేదు. అక్కడ బస్సు దిగేవారు మాత్రం ఇప్పటికీ ఆ చెరువు పేరే చెప్పి టిక్కెట్టు కొంటున్నారు.