కారు కొట్టు పేరున తీసుకుంటే కలిసొస్తుందా?

"అక్కా, కారు కొట్టు పేరున తీసుకో. పన్ను కలిసొస్తుంది!"

చిన్నదో పెద్దదో వ్యాపారం నడిపే ఆడవాళ్లకు ఈ సలహా ఇచ్చేవాళ్లు చాలామందే ఉంటారు. నిజంగా కలిసొస్తుందా? ఎంత కలిసొస్తుంది? కొంటే మంచిదా, లీజుకు తీసుకుంటే మంచిదా?

తిరువూరు దగ్గర పెనుగొలనులో చీరలు, మ్యాచింగ్ బ్లౌజు ముక్కలు అమ్మే ఇల్లాలు ఒకామె ఉందనుకుందాం. సరుకు కోసం నెలకు నాలుగుసార్లు మైలవరం మీదుగా విజయవాడ వన్‌టౌన్‌లోని వస్త్రలతకు వెళ్లి రావాలి. మూటలతో బస్సు ఎక్కీ దిగీ నడుం పడిపోతోంది. కారుంటే బావుండును అనుకోవడంలో తప్పేముంది? ఎనిమిది లక్షల కారు మీద ఆమెకు మనసు పడింది.

కొంటే...

రెండు లక్షలు చేతినుంచి పెట్టి, ఆరు లక్షలు అప్పు తీసుకుందనుకోండి. 9 శాతం వడ్డీ, అయిదేళ్ల గడువు అయితే నెల వాయిదా సుమారు రూ.12,455. మొత్తం వడ్డీయే రూ.1,47,000 దాటుతుంది.

వాయిదా మొత్తాన్ని కొట్టు ఖర్చు కింద రాసుకోవడం కుదరదు. వడ్డీ మాత్రమే ఖర్చు. కారు ఖరీదును 'తరుగు' కింద ఏటా 15 శాతం చొప్పున చూపుకోవాలి. మొదటి ఏడు రూ.1,20,000. రెండో ఏడు మిగిలిన రూ.6,80,000 మీద రూ.1,02,000. ఇలా తగ్గుతూ పోతుంది. ఆ ఆర్థిక సంవత్సరంలో కారు వాడింది 180 రోజులకన్నా తక్కువైతే మొదటి ఏడు తరుగు సగమే. అంటే అక్టోబరు మొదటి వారం దాటాక కొనేవాళ్లు ఈ మాట గుర్తుంచుకోవాలి.

లీజుకైతే...

నెలనెలా కట్టే అద్దె మొత్తం ఖర్చు కిందకే వస్తుంది. చేతినుంచి పెద్ద మొత్తం పెట్టనక్కర్లేదు. బీమా, సర్వీసింగ్ అద్దెలోనే కలిపే ఒప్పందాలూ ఉన్నాయి. ఒకప్పుడు పెద్ద కంపెనీలకే పరిమితమైన ఈ పద్ధతిని 2020లో మారుతీ సుజుకీ లాంటి సంస్థలు మామూలు జనానికీ తెచ్చాయి.

కాకపోతే గడువు తీరాక కారు వాళ్లది. ఇన్ని కిలోమీటర్లే తిరగాలన్న షరతు ఉండొచ్చు. మధ్యలో వద్దనుకుంటే జరిమానా పడొచ్చు. గీతలు పడ్డా డబ్బు అడగొచ్చు. కాగితం ఆసాంతం చదవందే సంతకం పెట్టకండి.

జీఎస్టీ సంగతి?

కారు మీద కట్టిన జీఎస్టీ కొట్టు లెక్కలో తిరిగి వస్తుందనుకుంటే పొరపాటే. బాడుగలకు తిప్పడం, డ్రైవింగ్ నేర్పడం లాంటి వ్యాపారాలకు తప్ప మిగతావాళ్లకు రాదు. లీజు అద్దె మీద జీఎస్టీ కూడా అంతే. అదే సరుకు మోసే ట్రాలీ ఆటో కొంటే, మామూలు పద్ధతిలో జీఎస్టీ కట్టేవాళ్లు దాన్ని తిరిగి తీసుకోవచ్చు. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. అది మాత్రం అందరికీ కలిసొచ్చేదే.

అసలు పన్ను కడుతున్నారా?

ముందు అడగాల్సిన ప్రశ్న ఇదే. 2025-26 లెక్కల ప్రకారం కొత్త పద్ధతిలో 12 లక్షల దాకా మామూలు ఆదాయానికి రిబేటు వల్ల పన్నే లేదు. కట్టని పన్నులో మిగిలేదేముంటుంది?

లెక్కల పుస్తకాలు రాయకుండా, అమ్మకాల మీద 8 శాతమో (బ్యాంకు ద్వారా వస్తే 6 శాతమో) లాభమని చూపే చిన్న వ్యాపారులకు తరుగు, వడ్డీ, అద్దె విడిగా తీసేయడానికి వీల్లేదు. అన్నీ అందులోనే కలిసిపోయాయన్నమాట.

పోనీ ఆమె 20 శాతం పన్ను కట్టేంత సంపాదిస్తుందనుకుందాం. మొదటి ఏడు తరుగు వల్ల మిగిలేది సుమారు రూ.24,000. పెళ్లిళ్లకూ పేరంటాలకూ అదే కారు సగం తిరిగితే, మిగిలేదీ సగమే. రెండు వాయిదాలకు సరిపోని ఈ మిగులు కోసం అయిదేళ్ల అప్పు నెత్తికెత్తుకోవడమా?

పేరు మీది, బాధ్యతా మీదే

చాలా ఇళ్లలో కొట్టు ఇల్లాలి పేరున, పెత్తనం ఇంకొకరిది. మీరొక్కరే యజమాని అయిన కొట్టుకు చట్టం దృష్టిలో వేరే ఉనికి లేదు. "కొట్టు పేరున అప్పు" అంటే మీ అప్పే. వాయిదాలు తప్పితే బ్యాంకువాళ్లు అడిగేది మిమ్మల్నే. "నువ్వు సంతకం పెట్టు, మిగతాది నేను చూసుకుంటా" అన్న మాటకు తలూపేముందు వాయిదా ఎంతో, ఎన్నాళ్లో, ఎక్కణ్ణుంచి కడతారో అడగండి. అడగడం అనుమానించడం కాదు.

తేల్చుకునేముందు...

* నెలకు ఎన్ని ట్రిప్పులో రాసుకోండి. అన్నిసార్లు కిరాయి కారుకయ్యే ఖర్చును, వాయిదా, బీమా, పెట్రోలు, మరమ్మతులు కలిపిన మొత్తంతో పోల్చండి. నాలుగు ట్రిప్పులకైతే కిరాయి కారే నయం కావచ్చు.
* ఏడెనిమిదేళ్లు వాడే ఉద్దేశముంటే కొనడం మేలు. మూడేళ్లకే మార్చేవాళ్లు లీజు ధర అడిగి చూడొచ్చు.
* పన్ను లెక్కల్లో చూపాలనుకుంటే కారు డబ్బు బ్యాంకు ద్వారానే కట్టండి. ఒక రోజులో పదివేలకు మించి నగదుగా ఇస్తే, అది ఖరీదులో లెక్కకు రాదు.
* షోరూముకు వెళ్లేముందు ఆడిటరు గారి దగ్గరకు వెళ్లండి. మీరే వెళ్లండి.

ఇంకో మాట. కారు కొన్నా, లీజుకు తీసుకున్నా డ్రైవింగ్ మీరూ నేర్చుకోండి. వాయిదా కట్టే చేతికి స్టీరింగ్ కూడా తెలిసుండాలి కదా!