బండికి రెండు కళ్లు పెట్టించాను

“బండి కొనుక్కున్నది చాలక దానికి నగలు కూడానా అమ్మాయ్?” అన్నారు మా అత్తయ్యగారు. వరండాలో పాత దుప్పటి పరిచి, దాని మీద రెండు చిన్న లైట్లు, ఎర్ర వైరు, నల్ల వైరు, గుప్పెడు ఫ్యూజులు పోసుకుని కూర్చున్నాను మరి!

నవ్వి ఊరుకున్నాను. ఆ ‘నగలు’ ఎందుకు అవసరమయ్యాయో ఆవిడకి అప్పుడు చెప్పలేదు. చెబితే బండి తాళాలు బీరువాలో పెట్టేసేవారు. ఇవాళ మీతో పాటు ఆవిడకీ తెలుస్తుంది.

మాది విశాఖపట్నం. మా అక్క చింతపల్లిలో ఉంటుంది. నెలకోసారైనా నేను వెళ్లాలి. నా బండి రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్, 411 సీసీది. 2023 చివర్లో 450 వచ్చాక ఈ పాత మోడలు ఆగిపోయింది గానీ, కొండ దారులకి నాకిదే అలవాటు. తెల్లవారకముందే బయల్దేరితే అనకాపల్లి, నర్సీపట్నం మీదుగా పొద్దున్న టిఫిను వేళకి అక్క ఇంట్లో ఉంటాను. సాయంత్రానికి మళ్లీ మా ఇంట్లో. నర్సీపట్నం దాటి కొంత దూరం పోయాక ఘాట్ రోడ్డు మొదలవుతుంది. పైన లంబసింగి. చలికాలంలో అక్కడి మంచు చూడడానికి జనం కార్లేసుకుని వస్తారు. చూడడానికి బాగానే ఉంటుంది. అందులో బండి నడపాల్సి వచ్చినవాళ్లనడగండి!

ఈ బండికో విచిత్రం ఉంది. దీని హెడ్‌లైటు హ్యాండిల్‌తో పాటు తిరగదు. ముందున్న చట్రానికి బిగించి ఉంటుంది. తిన్నని రోడ్డు మీద ఆ సంగతి తెలియనే తెలియదు. ఘాట్‌లో మెలికల దగ్గర మాత్రం మనం హ్యాండిల్ కుడికి తిప్పితే వెలుగు ఎదురుగా లోయలోకి పోతుంది. మలుపులో ఏముందో చీకటే. అందుకని పోయినేడాది మా ఊళ్లోనే ఒక షాపులో అదనపు లైట్లు పెట్టించాను. ఒక్కోటి 40 వాట్లు. అరగంటలో బిగించేసి డబ్బులు తీసుకున్నారు. స్విచ్ వేస్తే వీధి వీధంతా పట్టపగలైపోయింది. ఎంత మురిసిపోయానో!

జనవరిలో ఒక తెల్లవారుజాము, నాలుగున్నర ప్రాంతం. ఘాట్ సగం ఎక్కాను. మంచు దట్టంగా కమ్మేసి, హెల్మెట్ అద్దం మీంచి నీళ్లు కారుతున్నాయి. ఎడమ మలుపు తిరుగుతుండగా ఉన్నట్టుండి లైట్లన్నీ ఆరిపోయాయి. కొత్తవే కాదు, హెడ్‌లైటు కూడా! ఇంజను నడుస్తోంది, బండి కదులుతోంది, నాకు మాత్రం నా చేతులు కూడా కనబడడం లేదు. బ్రేకు ఎలా వేశానో, కాలు ఎక్కడ ఆనిందో గుర్తులేదు. తర్వాత చూస్తే రోడ్డు అంచు రాయికి జానెడు దూరంలో ఉంది ముందు చక్రం.

ఇండికేటరు వెలుగుతోంది, అదే నయం. దాన్ని అలాగే మిణుకుమిణుకుమనిపిస్తూ నిలబడ్డాను. ఫోనులో దారి చూసుకుంటూ వచ్చానేమో, చార్జింగు తొమ్మిది శాతం. సిగ్నలు లేదు. పావుగంటకి కాబోలు కిందనుంచి ఒక జీపు వచ్చింది, నిండా జనం, పైన బుట్టలు. సంతకి పోయే జీపు. డ్రైవరు తల బయటపెట్టి “ఏటమ్మా, ఒక్కర్తివేనా?” అన్నాడు. సంగతి చెప్పాను. “నా ఎనకాలే వచ్చేయ్, నెమ్మదిగా పోతాను” అన్నాడు. దాని ఎర్ర దీపం పట్టుకుని, లంబసింగి దాకా మొదటి గేరులో, రెండో గేరులో వెళ్లాను. టీ కొట్టు దగ్గర దిగి డబ్బులివ్వబోతే తీసుకోలేదు. టీ మాత్రం తాగాడు.

గీజరు కథే ఇది!

తిరిగొచ్చాక గాజువాక ఆటోనగర్‌లో లారీలకి వైరింగు చేసే ఒక పెద్ద మేస్త్రీ దగ్గరికి వెళ్లాను. ట్యాంకు విప్పి చూసి, “రిలే లేకుండా ఎవరు కట్టారమ్మా ఇది?” అన్నాడు. హెడ్‌లైటుకి వెళ్లే వైరునే మధ్యలో గీరి, కొత్త లైట్ల వైర్లు దానికి మెలిపెట్టి, పైన టేపు చుట్టారు. మంచు తడికి ఆ టేపు ఊడి, వైరు చట్రానికి తగిలి, ఫ్యూజు పోయింది. రెండూ ఒకే ఫ్యూజు మీద ఉన్నాయి గనక రెండూ పోయాయి.

మన ఇంట్లో గీజరుకి విడిగా లావుపాటి వైరు, విడిగా స్విచ్ ఎందుకు వేయిస్తాం? మిక్సీ పెట్టే ప్లగ్గులో గీజరు పెడితే వైరు కాలుతుందని కదా! ఇదీ అంతే. బండి హెడ్‌లైటు బల్బు 60 వాట్లది. ఆ వైరు దానికి సరిపడా వేసింది. దాని మీద ఇంకో 80 వాట్లు మోపితే ఎలా? లెక్క చాలా సులువు. వాట్లని 12 వోల్టులతో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి. 80 వాట్లంటే దాదాపు ఏడు ఆంపియర్లు. ఈ లెక్క ఏడో తరగతి పిల్లవాడు చెబుతాడు. నేనా రోజు అడగనే లేదు, షాపువాళ్లు చెప్పనూ లేదు.

“నేను చేస్తే గంటలో అయిపోతుంది. మీరే చేయండి, నేను చెబుతాను. రేపు దారిలో ఏమైనా మీరే బాగుచేసుకుంటారు” అన్నాడు మేస్త్రీ. నాకు నచ్చిన మాట అది. రెండు ఆదివారాలు పట్టింది.

రిలే అంటే అగ్గిపెట్టె కంటే కాస్త పెద్ద నల్ల డబ్బీ. కింద నాలుగు కాళ్లు, వాటి మీద 30, 87, 85, 86 అని అంకెలు. బ్యాటరీ నుంచి లావు వైరు ఫ్యూజు దాటి 30కి వస్తుంది. 87 నుంచి లైట్లకి పోతుంది. మిగతా రెండు కాళ్లూ లోపలున్న చిన్న అయస్కాంతానివి. ఒకటి ఎర్తుకి, ఒకటి మన స్విచ్‌కి. స్విచ్ నొక్కితే సన్న వైరులో కొద్దిపాటి కరెంటు వెళ్లి అయస్కాంతం ‘టక్’మని లోపలి తలుపు తెరుస్తుంది. అసలు కరెంటు ఆ పెద్ద తలుపులోంచి పోతుంది. మన వేలి కింద స్విచ్ చల్లగా ఉంటుంది, హెడ్‌లైటు వైరుకి దీనితో సంబంధమే ఉండదు. ఆ స్విచ్‌కి కరెంటు పార్కింగు లైటు వైరు నుంచి తీసుకోవాలి. తాళం తీయగానే అన్నీ ఆరిపోతాయి, మరిచిపోయి ఇంట్లోకి వెళ్లినా బ్యాటరీ దిగిపోదు.

ఫ్యూజు బ్యాటరీకి జానెడు లోపే ఉండాలని మేస్త్రీ మరీమరీ చెప్పాడు. ఫ్యూజుకి ముందున్న వైరు ఎక్కడ నలిగినా కాపాడే దిక్కు లేదు. టేపు అసలు వద్దన్నాడు. వేడికి ముడుచుకునే గొట్టం దొరుకుతుంది, అతుకు మీదికి జరిపి అగ్గిపుల్ల చూపిస్తే చర్మంలా అంటుకుంటుంది. హ్యాండిల్ మెడ దగ్గర వైరు కాస్త వదులుగా వదలాలి. నేను మొదట ముచ్చటగా బిగించి కట్టాను. హ్యాండిల్ పూర్తిగా ఎడమకి తిప్పించి చూపించాడు, వైరు వీణ తీగలా సాగింది! అన్నీ విప్పి మళ్లీ కట్టాను.

ఈసారి లైట్లు ఒక్కోటి 20 వాట్లవే తీసుకున్నాను. రెండూ కలిపి మూడున్నర ఆంపియర్ల లోపు, అయిదు ఆంపియర్ల ఫ్యూజు చాలు. అయ్యో తగ్గించుకున్నావా అనకండి. అదనపు లైట్లలో రెండు రకాలున్నాయి. దూరాన్ని ఈటెలా పొడిచేవి ఒకటి, దగ్గర్లో విసనకర్రలా వెడల్పుగా పరుచుకునేవి ఇంకొకటి. ఘాట్ మలుపుకి కావలసింది రెండోది. హెడ్‌లైటు తిరగని లోటు దానితో తీరుతుంది.

పసుపు రంగుది కొంటే మంచుని చీల్చుకుపోతుందని అందరూ అంటారు. చదివితే తెలిసిందేమిటంటే, మంచు బిందువులు కాంతి తరంగాల కంటే చాలా పెద్దవి, ఏ రంగునైనా ఇంచుమించు ఒకేలా చెదరగొడతాయి. పసుపు వల్ల కంటికి మిరుమిట్లు తగ్గి హాయిగా ఉంటుంది, అంతవరకే. అసలు కిటుకు ఎత్తులో ఉంది. మంచులో హై బీమ్ వేస్తే ఎదురుగా తెల్ల దుప్పటి ఆరేసినట్టు ఉంటుంది, వెలుగంతా తిరిగి మన కళ్లలోకే వస్తుంది. లైటు కిందుగా ఉండి, నేల వైపు వాలి ఉంటే, ఆ తెల్లదనం కింది నుంచి రోడ్డు కనబడుతుంది. అందుకని ఇంజను ముందున్న క్రాష్‌గార్డుకి, నేల నుంచి రెండడుగుల ఎత్తులో బిగించాను.

గోడ మీద ముగ్గు గీత

బిగించడం ఒక ఎత్తు, వాలు సరిచూడడం ఇంకో ఎత్తు. బండిని చదునైన చోట గోడకి 25 అడుగుల దూరంలో నిలబెట్టాలి. మనం ఎక్కి కూర్చోవాలి, మన బరువుకి వెనక భాగం దిగితే వెలుగు పైకి లేస్తుంది గనక. నేను కూర్చుంటే గోడ దగ్గర గీత గీసేదెవరు? మా అబ్బాయి ట్యూషన్‌లో ఉన్నాడు, ఆయన ఊళ్లో లేరు. చివరికి అత్తయ్యగారే ముగ్గు సుద్ద పట్టుకుని వచ్చారు! లైటు ఎంత ఎత్తులో ఉందో అంత ఎత్తున ఒక గీత, దానికి నాలుగంగుళాల కింద ఇంకోటి. నడుమ వెలుగు ఆ కింది గీత మీద పడేదాకా తిప్పాను. రెండడుగుల ఎత్తు దీపం 25 అడుగులకి నాలుగంగుళాలు దిగిందంటే, 150 అడుగుల దగ్గర నేలని తాకుతుంది. “కిందికి... ఇంకా కిందికి... ఆఁ, చాలు” అని ఆవిడ చెబుతుంటే పక్కింటివాళ్లు పిట్టగోడ మీంచి చూస్తున్నారు.

ఎదురొచ్చేవాడి కళ్లలో పడకూడదు, ఇది మాత్రం మరిచిపోకండి. లారీవాడికి కళ్లు బైర్లు కమ్మితే మొదట నష్టపోయేది మనమే. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం బండిని కంపెనీ ఇచ్చిన తీరుకి భిన్నంగా మార్చకూడదు. అదనపు లైట్లని ఆపి జరిమానా వేసేవారున్నారు. నేను ఊళ్లో అసలు వేయను, నల్ల మూతలు తొడిగే ఉంచుతాను. ఘాట్‌లో కూడా ఎదుటి వెలుగు కనబడగానే ఆర్పేస్తాను. బండి వారంటీలో ఉంటే వైర్లు ముట్టుకునే ముందు షోరూమ్‌లో అడగడం మేలు.

సిమ్ము లేని ఫోను

ఇక దారి చూపే జీపీఎస్. దీనికి వేలకి వేలు పోసి పరికరం కొనాలనుకున్నాను. మా అబ్బాయి తన పాత ఫోను తెచ్చిచ్చాడు. “సిమ్ము లేదు కదరా” అంటే, “జీపీఎస్‌కి సిమ్ము ఎందుకమ్మా?” అన్నాడు. నిజమే! ఆ ఉపగ్రహాలు ఇరవై వేల కిలోమీటర్ల పైన తిరుగుతూ సంకేతాలు వెదజల్లుతుంటాయి, రేడియోలా మన ఫోను వినడమే. నాలుగు ఉపగ్రహాలు వినబడితే మనమెక్కడున్నామో లెక్కకట్టుకుంటుంది. నెట్టు కావలసింది మ్యాపు బొమ్మకే. దాన్ని ఇంట్లో వైఫై మీద ముందే దించుకుంటే ఏజెన్సీ అడవిలో కూడా దారి చూపిస్తుంది.

మంచి ఫోనుని హ్యాండిల్‌కి తగిలించకపోవడానికి ఇంకో కారణం ఉంది. ఇంజను అదురుకి కెమెరా లోపలి సున్నితమైన భాగాలు చెడతాయని 2021లో యాపిల్ వాళ్లే హెచ్చరించారు. పాత ఫోనైతే బెంగ లేదు. దానికి చార్జరు కూడా తాళంతోనే ఆగేలా, విడి ఫ్యూజుతో పెట్టాను. ఆ రోజు తొమ్మిది శాతం చూసి పడ్డ కంగారు చాలు.

మ్యాపుని మరీ నమ్మకండి. ఒకసారి నర్సీపట్నం ఇవతల ‘ఆరు కిలోమీటర్లు దగ్గర’ అని ఓ పుంతలోకి తిప్పింది. చివరికి వరికుప్పల మధ్య తేలాను. అక్కడ పనిచేస్తున్న ఆడవాళ్లు నవ్వి, బండి తోసి తిప్పిపెట్టారు.

సిగ్నలు లేనిచోట మనమెక్కడున్నామో ఇంట్లోవాళ్లకి ఫోను చెప్పలేదు. అందుకని ఫ్రిజ్ మీద కాగితం అంటిస్తాను: అనకాపల్లి ఇన్నింటికి, నర్సీపట్నం ఇన్నింటికి, అక్క ఇల్లు ఇన్నింటికి. నర్సీపట్నంలో ఆగి ఫోను చేస్తే అత్తయ్యగారు దానికెదురుగా టిక్కు పెడతారు. అయిదు నిమిషాలు ఆలస్యమైతే ఆవిడే చేస్తారు.

సామాన్లు, మేస్త్రీకి ఇచ్చింది అంతా కలిపి నాకు ఎనిమిది వేల లోపే అయింది. మొదటి షాపుకి పోసింది వేరే. ఈ చలికాలం నాలుగుసార్లు ఘాట్ ఎక్కాను. జీపు ఆగిన ఆ మలుపు దగ్గర రోడ్డంచు రాళ్లు ఇప్పుడు ఒక్కొక్కటీ కనబడుతున్నాయి. చేతులు మాత్రం కొంకర్లు పోతున్నాయి. హ్యాండిల్‌కి వేడి గ్రిప్పులు వస్తాయట. దానికెన్ని వాట్లో చూసి, మళ్లీ 12తో భాగించాలి.