పిల్లల ఫుట్‌బాల్ : జట్లు ఎలా కట్టాలి?



మీ అబ్బాయో అమ్మాయో, అన్నదమ్ముల పిల్లలో అమెరికాలో స్థిరపడి ఉంటే ఈ సంగతి మీకు తెలిసే ఉంటుంది. అక్కడ శనివారం పొద్దున, అంటే మనకు శనివారం రాత్రి, ఫోను చేస్తే "పిల్లాడికి సాకర్ ఉంది, గ్రౌండులో ఉన్నాం" అంటారు. సాకర్ అంటే మరేమీ కాదు, మన ఫుట్‌బాలే. ఆ దేశంలో ఫుట్‌బాల్ అన్న పేరు బంతిని చంకలో పెట్టుకుని పరుగెత్తే వేరే ఆటకు పోయింది కాబట్టి దీనికి సాకర్ అనే పేరు స్థిరపడింది. ఆరేడేళ్ళ పిల్లలు మోకాళ్ళ దాకా మేజోళ్ళు తొడుక్కుని ఆడుతుంటే, తల్లిదండ్రులు మడత కుర్చీలు వేసుకుని చూస్తుంటారు. కోచ్ కూడా ఆ పిల్లల్లో ఎవరో ఒకరి తండ్రో తల్లో అయి ఉంటారు. జీతం లేదు. తెలుగువాళ్ళు కూడా కొందరు ఈ పని నెత్తిన వేసుకుంటున్నారు.

ఇవి ఆటగాళ్ళను ఏరి తీసుకునే పోటీ క్లబ్బులు కావు. పేరు రాయించుకున్న ప్రతి పిల్లవాడినీ, పిల్లనూ చేర్చుకుంటారు. చిక్కు అక్కడే వస్తుంది. వందమంది పిల్లలు వచ్చారు, పది జట్లు కట్టాలి. ఎవరిని ఎందులో వెయ్యాలి? ఈనాటి ప్రసంగం దాని గురించే. బళ్ళారిలోనో, హోసూరులోనో, బరంపురంలోనో, నాందేడ్‌లోనో, యానాంలోనో సాయంత్రం పూట పిల్లల్ని పోగుచేసి ఆడించే డ్రిల్లు మాస్టార్లకూ, పేటలో పెద్దన్నలకూ ఇందులో పనికివచ్చే విషయాలు ఉన్నాయి.

1964లో కాలిఫోర్నియా రాష్ట్రంలోని టోరెన్స్ అనే ఊళ్ళో అమెరికన్ యూత్ సాకర్ ఆర్గనైజేషన్ అనే సంస్థ తొమ్మిది జట్లతో మొదలైంది. దాని సూత్రాల్లో రెండింటిని మనం గట్టిగా పట్టుకోవాలి. ఒకటి, అందరూ ఆడాలి. వచ్చిన ప్రతి పిల్లవాడూ ప్రతి ఆటలో కనీసం సగంసేపు మైదానంలో ఉండి తీరాలి. రెండు, జట్లు సమానంగా ఉండాలి. అందుకోసం ఏటా పాత జట్లు విడదీసి కొత్తగా కడతారు.

మొదటి సూత్రం ఎందుకో చెప్పనక్కరలేదు. మనకు 'ఆటలో అరటిపండు' అన్న మాట ఉండనే ఉంది. చిన్నవాడు ఏడుస్తున్నాడని ఆటలో చేర్చుకుంటాం గాని లెక్కలోకి తీసుకోం. నాలుగేళ్ళ తమ్ముడికి అది సరదాగానే ఉంటుంది. పదేళ్ళ పిల్లవాడిని అరటిపండును చేసి గట్టున కూర్చోబెడితే, నాలుగు వారాల తర్వాత ఆ గట్టుకు కూడా రాడు.

రెండో సూత్రం మీద మాత్రం పెద్దవాళ్ళ మధ్య తగువులు వస్తాయి. ఒక జట్టు మీద ఇంకో జట్టు తొమ్మిది గోల్స్ వేసిందనుకోండి. ఓడిన జట్టులో పిల్లల కాలికి బంతి తగలనే లేదు, కాబట్టి వాళ్ళు నేర్చుకున్నది ఏమీ లేదు. గెలిచిన జట్టు సంగతి చూడండి. గోల్‌కీపరు గంటసేపు గడ్డి పీకుతూ నిలబడ్డాడు. ఆ తొమ్మిది గోల్స్‌లో ఏడు ఒక్కడే వేశాడు, మిగతావాళ్ళు వాడి వెనకాల పరుగెత్తారు. ఆ ఒక్కడికైనా లాభం ఉందా అంటే, పాస్ ఇవ్వవలసిన అవసరం రాలేదు కాబట్టి పాస్ ఇవ్వడం వాడికి రాలేదు. సమానమైన జట్లు కట్టడం బలహీనుల మీద జాలితో చేసే పని అనుకునేవాళ్ళు ఈ లెక్క ఒకసారి చూసుకోవాలి.

ఇంతకీ జట్లు పంచడం ఎలా? మన బడుల్లో మామూలుగా జరిగేది ఏమిటంటే ఇద్దరు నాయకులు నిలబడి, నువ్వొకణ్ణి నేనొకణ్ణి అని వంతులవారీగా ఏరుకుంటారు. చూడటానికి న్యాయంగానే ఉంటుంది. కాగితం, పెన్సిలు దగ్గర ఉంటే వేసుకుని చూడండి. పన్నెండుమంది పిల్లలు. అందరికంటే బాగా ఆడేవాడికి 1, తర్వాతివాడికి 2, అలా చివరివాడికి 12. మొదటి నాయకుడు 1, 3, 5, 7, 9, 11 నంబర్లను తీసుకుంటాడు. రెండోవాడికి 2, 4, 6, 8, 10, 12 మిగులుతాయి. మొదటి జట్టు మొత్తం 36, రెండో జట్టు మొత్తం 42. నంబరు తక్కువైనకొద్దీ ఆటగాడు గట్టివాడు అనుకున్నాం కదా, ప్రతి వంతులోనూ మొదటివాడు ఒక మెట్టు పైనే ఉన్నాడన్నమాట. ఆరు వంతుల్లో ఆరు మెట్ల తేడా వచ్చింది.

దీనికి విరుగుడు పాము నడక. మొదటివాడు ఒకణ్ణి తీసుకున్నాక, రెండోవాడు వరసగా ఇద్దర్ని తీసుకోవాలి. ఆ తర్వాత మొదటివాడు ఇద్దర్ని, మళ్ళీ రెండోవాడు ఇద్దర్ని. ఇప్పుడు మొదటి జట్టులో 1, 4, 5, 8, 9, 12 ఉంటారు. రెండో జట్టులో 2, 3, 6, 7, 10, 11. కూడి చూడండి, అటు 39, ఇటు 39. నాలుగు జట్లున్నా ఇదే పద్ధతి. వరస చివరిదాకా వెళ్ళి, అక్కణ్ణుంచే వెనక్కు తిరిగి రావాలి.

అయితే ఎవరు ఎంత ఆడగలరో ముందుగా తెలియాలి గదా. అందుకని అక్కడ సీజను ముగిశాక ప్రతి కోచ్ తన జట్టులో పిల్లలందరికీ ఒకటి నుంచి అయిదు దాకా మార్కులు వేసి ఇస్తాడు. మరుసటి ఏడు ఆ మార్కులను బట్టి జట్లు కడతారు. మనుషులు ఎక్కడైనా మనుషులే. కొందరు కోచ్‌లు తమ దగ్గరున్న మంచి ఆటగాడికి కావాలని తక్కువ మార్కు వేస్తారు, మళ్ళీ చవకగా తమకే దక్కుతాడని. ఇంకొందరు తల్లిదండ్రులు "మా వాడూ, వాడి స్నేహితులు ముగ్గురూ ఒకే కారులో వస్తారు, ఒకే జట్టులో వేయండి" అని అడుగుతారు. ఆ ముగ్గురూ ఊళ్ళోకెల్లా మంచి ఆటగాళ్ళే అయి ఉంటారు.

ఈ తెలివితేటలకు పెట్టిన కళ్ళెం చాలా తేలికైనది. కోచ్‌లందరూ ఒకచోట కూర్చుని, ఏ జట్టు ఎవరికి వస్తుందో తెలియకుండానే జట్లు కడతారు. అన్నీ సరిసమానంగా ఉన్నాయని అందరూ ఒప్పుకున్న తర్వాత చీట్లు వేస్తారు. ఏ చీటీ వస్తే ఆ జట్టే. కోచ్ సొంత బిడ్డ వేరే జట్టులో ఉంటే, అంతే మార్కులున్న పిల్లవాడిని ఇచ్చి మార్చుకుంటాడు. అన్నదమ్ముల పంపకాల్లో పెద్దవాడు భాగాలు వేస్తే చిన్నవాడు ముందుగా కోరుకునే పద్ధతి మనకు తెలిసిందే. తనకు ఏది మిగులుతుందో తెలియనప్పుడు భాగాలు వేసేవాడి చెయ్యి వంకర పోదు.

ఇక్కడ ఒక్క మాట చెప్పాలి. ఈ పద్ధతి సారమంతా మన పల్లె పిల్లల ఆటల్లో ఎప్పటినుంచో ఉంది. ఉద్దులు కట్టడం మీకు గుర్తుందా? కొన్ని ఊళ్ళలో జతలు అంటారు, మీ వైపు ఏమంటారో మీకే తెలియాలి. ఆటలో సరిజోడు అయిన ఇద్దరు పిల్లలు భుజాల మీద చేతులు వేసుకుని దూరంగా వెళ్తారు. ఒకడు మల్లెపువ్వు, ఒకడు బంతిపువ్వు అని గుట్టుగా పేర్లు పెట్టుకుని వస్తారు. "మల్లెపువ్వు కావాలా, బంతిపువ్వు కావాలా?" అని నాయకుణ్ణి అడుగుతారు. నాయకుడు ఏది కోరినా ఒకటే, ఎందుకంటే ఇద్దరూ సమానం. ఉద్ది అన్న మాటకు అర్థమే సాటి, జోడు అని. పాము నడక చేసే పనీ, చీటీ చేసే పనీ రెండూ ఇందులో ఉన్నాయి.

దీనిలో నాకు అన్నిటికంటే నచ్చేది వేరే సంగతి. నాయకులు పేరు పేరునా ఏరుకునేటప్పుడు ఆఖరికి ఒక పిల్లవాడు మిగులుతాడు. అందరూ అటో ఇటో వెళ్ళిపోయాక వాడొక్కడే మధ్యలో నిలబడి ఉంటాడు, "సరే, వీడు కూడా మీకే" అని ఒక నాయకుడు విసుక్కుంటాడు. రోజూ ఆ చోటులో నిలబడేది ఒకే పిల్లవాడు. ఉద్దుల పద్ధతిలో ఆ చోటే లేదు. చేతకానివాడు కూడా తనలాంటివాడి భుజం మీద చెయ్యి వేసుకుని, ఒక పువ్వు పేరు పెట్టుకుని వస్తాడు. ఈ ఒక్క కారణం చేతనే, మీ బడిలో నాయకులు ఏరుకునే పద్ధతి ఉంటే రేపే మాన్పించమని డ్రిల్లు మాస్టార్లను కోరుతున్నాను.

అంకెలు సమానమైతే చాలదు. ఒక జట్టులో అయిదు మార్కులవాడు ఒకడూ, ఒక మార్కువాళ్ళు నలుగురూ ఉంటే మొత్తం తొమ్మిది. ఇంకో జట్టులో రెండేసి మార్కులవాళ్ళు నలుగురూ, ఒక మార్కువాడు ఒకడూ ఉన్నా తొమ్మిదే. ఎనిమిదేళ్ళ వయసులో మొదటి జట్టే గెలుస్తుంది, ఎందుకంటే ఆ వయసులో బంతిని అదుపులో పెట్టుకోగలిగినవాణ్ణి ఆపేవాడు ఉండడు. కాబట్టి ముందుగా గట్టి ఆటగాళ్ళను జట్టుకొకరు చొప్పున పంచి, తర్వాత బొత్తిగా కొత్తవాళ్ళను పంచి, మధ్యవాళ్ళను చివరికి ఉంచుకోవాలి.

పుట్టిన నెల కూడా చూడాలి. జనవరిలో పుట్టినవాడూ, అదే ఏడు డిసెంబరులో పుట్టినవాడూ ఒకే వర్గంలోకి వస్తే ఇద్దరికీ దాదాపు ఏడాది తేడా. ఏడేళ్ళ పిల్లవాడికి ఏడాది అంటే బతుకులో ఏడో వంతు. కెనడాలో ఐస్ హాకీ ఆటగాళ్ళ పుట్టినరోజులు తీసి చూసి, పైస్థాయికి వచ్చినవాళ్ళలో ఏడాది మొదటి నెలల్లో పుట్టినవాళ్ళే ఎక్కువని రోజర్ బార్న్స్‌లీ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు 1985లో చూపించాడు. పెద్దగా ఉన్నవాణ్ణి ప్రతిభావంతుడని ముందే ఎంచుకుని, వాడికే ఎక్కువ నేర్పడం వల్ల అలా జరిగిందన్నమాట. మన పాతతరం వాళ్ళ సంగతి వేరు. బడిలో వేసిన మాస్టారు దయ వల్ల సగంమందికి పుట్టినరోజు జూన్‌లోనో జులైలోనో ఉంటుంది!

ఇక ఆడించడం. అమెరికాలో కొత్త కోచ్‌లకు మూడు వద్దులు చెబుతారు. మైదానం చుట్టూ ఊరికే పరుగులు పెట్టించవద్దు, వరసలో నిలబెట్టవద్దు, ఉపన్యాసాలు ఇవ్వవద్దు. ఇరవైమందిని వరసలో నిలబెట్టి ఒక్కొక్కరిచేత గోల్ కొట్టిస్తే, గంటలో ఒక్కొక్కడికి రెండు మూడుసార్లు బంతి తగులుతుంది. అదే నలుగురు నలుగురుగా చిన్న చిన్న ఆటలు పెడితే ఎవరూ ఖాళీగా ఉండరు. అక్కడి సాకర్ సమాఖ్య 2017 నుంచి ఎనిమిదేళ్ళ దాకా ఉన్న వర్గాలకు గోల్‌కీపరు లేకుండా నలుగురి ఆటే పెట్టింది. తొమ్మిది పదేళ్ళ వర్గానికి ఏడుగురు, పదకొండు పన్నెండుకు తొమ్మిదిమంది, ఆ తర్వాతనే పదకొండుమంది. చిన్నవాళ్ళకు బంతి కూడా చిన్నదే. పదేళ్ళు, అంతకు లోపు పిల్లలు తలతో బంతి కొట్టకూడదన్న నిర్ణయం 2015లో ప్రకటించారు. తల తగలడం వల్ల మెదడుకు జరిగే హాని గురించిన భయమే దానికి కారణం. మన మైదానాల్లో కూడా ఇది పాటించదగ్గదే.

చిన్నపిల్లలు బెల్లం ముక్క చుట్టూ ఈగల్లా బంతి చుట్టూ మూగుతారు. "నీ చోట్లో నువ్వుండు" అని అరిచి లాభం లేదు. ఆ వయసులో బంతి ఎక్కడుంటే లోకం అక్కడే. ఏళ్ళు గడిచేకొద్దీ అదే సర్దుకుంటుంది. అరిచే తల్లిదండ్రుల నోరు సర్దుకోవడమే కష్టం. అమెరికాలో కొన్ని ఊళ్ళలో ఒక శనివారం గట్టు మీద ఎవరూ అరవకూడదని కట్టడి చేసి, పెద్దవాళ్ళకు లాలీపాప్‌లు పంచిపెడతారట. నోట్లో అది ఉంటే అరవలేరు కదా!

ఎంత జాగ్రత్తగా పంచినా ఒకనాడు ఆట ఒకవైపే సాగిపోవచ్చు. ఇంగ్లండులో చిన్నపిల్లల ఆటల్లో నాలుగు గోల్స్ వెనకబడిన జట్టు ఒక ఆటగాణ్ణి అదనంగా దింపుకోనిచ్చే పద్ధతి ఉంది. తేడా తగ్గగానే అతను బయటికి వచ్చేస్తాడు. అలా కాకపోతే ముందున్న జట్టుకు ఏదైనా షరతు పెట్టవచ్చు. అయిదు పాస్‌లు అయ్యాకనే గోల్ కొట్టాలి అనో, వాలు లేని కాలితోనే కొట్టాలి అనో. ఇది శిక్ష కాదు, పెద్ద చదువు. హైదరాబాదుకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం గారు మొదట బడిపంతులు. 1951లోనూ, 1962లోనూ ఏషియన్ గేమ్స్‌లో భారత జట్టుకు బంగారు పతకం తెచ్చిపెట్టిన కోచ్ ఆయనే. బంతిని కాలి దగ్గర ఉంచుకుని డ్రిబ్లింగ్ చేయకూడదన్న షరతుతోనూ, వాలు లేని కాలితోనే ఆడాలన్న షరతుతోనూ ఆయన పోటీలు నడిపించారు. మీ జట్టులో ఏడు గోల్స్ వేసే పిల్లవాడికి ఆ రోజున ఇలాంటి షరతు పెట్టి చూడండి.

ఏటా జట్లు విడదీస్తే స్నేహాలు చెదిరిపోతాయన్న మాట నిజమే. పిల్లలు ఏడుస్తారు కూడా. బాగా ఆడేవాడికి గట్టి పోటీ దొరకదన్న వాదనలో కూడా కొంత పస ఉంది. పన్నెండు దాటాక అలాంటివాణ్ణి పోటీ జట్టుకు పంపవచ్చు. అంతకు ముందే ఏరడం మొదలుపెడితే, పైన చెప్పిన డిసెంబరు పిల్లలు ఆట రాక ముందే ఆట మానేస్తారు.

మీరు కొనవలసింది ఒక నోటు పుస్తకం. ఆటను నాలుగు భాగాలు చేసి, ఎవరు ఏ భాగంలో ఆడారో, ఎక్కడ ఆడారో అందులో టిక్కు పెట్టండి. ప్రతివాడికీ కనీసం రెండు టిక్కులు పడాలి. వరసగా మూడు వారాలు ఒకే పిల్లవాడు వెనకే నిలబడితే ఆ కాగితం మీకు చెబుతుంది. పిల్లలు బేసి సంఖ్యలో వస్తే మిగిలినవాణ్ణి భాగానికొక జట్టులో ఆడించండి. మార్కులు మాత్రం వేరే కాగితం మీద వేసుకుని ఇంట్లో పెట్టుకోండి. ఒకటో మార్కు వచ్చినవాడి కంట అది పడకూడదు.