కడపటి శత్రువు

భవానీపూర్ ఉత్తరపు అంచున, ఆచార్య జగదీశ్ చంద్ర బోస్ రోడ్డు మీద ఎస్.ఎస్.కె.ఎం. ఆసుపత్రి ఉంది. బోర్డు మీద ఏముంటేనేం, కోల్‌కతా వాళ్లకు అది పీజీ. ప్రెసిడెన్సీ జనరల్ అనే తెల్లవాళ్ల కాలపు పేరులో మిగిలిన పొడి అక్షరాలవి. బెంగాల్ జిల్లాలన్నిటి నుంచీ జబ్బు మనుషులు అక్కడికి వస్తారు. ఆ తొక్కిడిలో ప్రహరీ పక్కనున్న ఒక స్మారక ద్వారం మీద చూపు నిలిపే తీరిక ఎవరికుంటుంది? దానిపై రోనాల్డ్ రాస్ పేరుంది. ఆయన రాసిన పద్యంలోని పాదాలు చెక్కి ఉన్నాయి. 1927 జనవరిలో రాస్ స్వయంగా వచ్చి ఆవిష్కరించిన కట్టడం అది.

ఆ పద్యం పుట్టింది మాత్రం మన దగ్గర. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో, ఉక్కపోతలో సూక్ష్మదర్శిని మీద వంగి కూర్చున్న ఈ సైనిక వైద్యుడికి, దోమ కడుపు గోడలో మలేరియా క్రిమి కనిపించింది. హుసేన్ ఖాన్ అనే జ్వరపు రోగి దోమకు ఒక అణా చొప్పున పుచ్చుకుని తన ఒళ్లప్పగించి కుట్టించుకున్నాడు. ఆ దోమల్లోదే అది. బేగంపేటలో ఆ భవనం ఇప్పటికీ ఉంది. మరుసటి ఏడాది కలకత్తాకు బదిలీ అయి, మహమ్మద్ బక్స్ అనే సహాయకుడితో కలిసి, పక్షుల మీద ప్రయోగాలు చేసి మిగతా సగం ముడి విప్పాడు: క్రిమి దోమ లాలాజల గ్రంథుల్లోకి చేరి, కాటుతో పాటు ఒంట్లోకి దిగుతుంది. 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. దోమలను పట్టుకొచ్చినవాళ్లకూ, కుట్టించుకున్నవాళ్లకూ అందులో వాటా రాలేదు. అది వేరే కథ.

సికింద్రాబాద్‌లో ఆ క్రిమిని చూసిన సంతోషంలో రాసుకున్న పద్యంలో రాస్ దేవుడికి కృతజ్ఞత చెప్పాడు. చివరికి వచ్చేసరికి మృత్యువును నేరుగా నిలదీశాడు. ఆ నిలదీత ఆయన సొంతం కాదు, పౌలుది. కొరింథులోని సంఘానికి ఆయన రాసిన మొదటి పత్రిక 15వ అధ్యాయంలోది. తెలుగునాట క్రైస్తవ కుటుంబంలో ఎవరు పోయినా భూస్థాపన వేళ పాస్టరుగారు తెరిచే పుటల్లో ఇదొకటి. పెట్టె గుంటలోకి దిగుతుంటే, ఇంటివాళ్లు గుప్పిళ్లతో మట్టి వేస్తుంటే వినిపించే మాటలవి. క్రీస్తు తిరిగి వస్తాడనీ, మృతులు లేస్తారనీ, మరణమే కడపటి శత్రువనీ, అదీ ఓడిపోతుందనీ ఆ అధ్యాయం చెబుతుంది. సమాధి దగ్గర చదివే ఆ మాటల్ని ఒక వైద్యుడు ప్రయోగశాలలోకి తెచ్చుకున్నాడు. శత్రువు ఓడే రోజు ఎప్పుడో వస్తుందని నమ్మిన మతం, ఈలోగా ఆ శత్రువుతో ఏం చేయాలి? భవానీపూర్‌లో తిరుగుతుంటే వదలని ప్రశ్న ఇదే.

ఎందుకంటే పీజీకి కాస్త దూరంలోనే, దేవేంద్రలాల్ ఖాన్ రోడ్డులో, భవానీపూర్ సమాధుల తోట ఉంది. ఒకప్పుడు సైనికుల శ్మశానం. రెండు ప్రపంచ యుద్ధాల్లో పోయినవాళ్ల సమాధులూ అందులో ఉన్నాయి. యుద్ధ సమాధుల కమిషన్ వాటిని ఒకే కొలతలో, ఒకే వరుసలో చూసుకుంటుంది. పాత భాగం అలా కాదు. కంపెనీ కాలంలో ఇంగ్లండు నుంచి వచ్చిన కుర్రాళ్లలో ఎందరో జ్వరాలతో, విరేచనాలతో, కలరాతో ఈ మట్టిలో కలిశారు. ఛార్లెస్ డికెన్స్ కొడుకు వాల్టర్ లాండర్ డికెన్స్‌ను పాతిపెట్టింది ఇక్కడే. పదహారేళ్లకు, 1857లో, సరిగ్గా తిరుగుబాటు ఏడాదిలో దేశంలో దిగాడు. అప్పుల పాలయ్యాడు. జబ్బుపడి, సెలవు మీద ఇంటికి బయల్దేరి, కలకత్తా ఆసుపత్రిలోనే 1863 డిసెంబర్ 31న గుండె పక్కనున్న పెద్ద రక్తనాళం పగిలి చనిపోయాడు. వయసు 22. ఓడ ఉత్తరం లండన్ చేరేసరికి ఫిబ్రవరి 7 అయింది. అది తండ్రి పుట్టినరోజు. వాల్టర్ సమాధి రాయిని 1987లో జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయం విద్యార్థుల చొరవతో సౌత్ పార్క్ స్ట్రీట్ శ్మశానానికి తరలించారు. పేరు అక్కడ, మనిషి ఇక్కడ.

క్రైస్తవులు మృతుణ్ణి తూర్పుకు కాళ్లు పెట్టి పడుకోబెట్టే ఆచారం చాలా పాతది. క్రీస్తు తూర్పు నుంచి వస్తాడనీ, లేచి నిలబడగానే ఎదురుగా ఆయనే కనబడాలనీ దాని వెనకున్న నమ్మకం. మన పల్లెల్లో ఈస్టరు నాడు తెల్లవారకముందే కొవ్వొత్తులు పట్టుకుని సమాధుల తోటకు వెళ్లి పాడటమూ ఆ ఊహలోంచి వచ్చిందే. అంత్యక్రియల చుట్టూ ఇన్ని ఏర్పాట్లు చేసుకున్న జాతులు చాలా ఉన్నాయి. కానీ పోయినవాడు ఇంకా రావలసిన ఉదయానికి సిద్ధంగా పడుకున్నాడని ఇంత నిక్కచ్చిగా దిక్కు చూసి మరీ పెట్టడం నాకెప్పుడూ ఆశ్చర్యంగానే ఉంటుంది.

అయితే ఈ నిరీక్షణ మొదటి నుంచీ చిక్కులు తెచ్చిపెట్టింది. క్రీస్తు శకం 50 ప్రాంతంలో పౌలు థెస్సలొనీకకు రాసిన మొదటి పత్రిక కొత్త నిబంధనలోకెల్లా పాత రచనల్లో ఒకటి. అక్కడి వాళ్ల బెంగ చూడండి: ప్రభువు రేపో మాపో వస్తాడనుకుంటే ఆయన రాకముందే మావాళ్లు పోతున్నారు, వాళ్ల గతేమిటి? ఏడవకండి అని పౌలు అనలేదు. ఏ ఆశా లేనివాళ్లలా ఏడవద్దన్నాడు. ఆ తేడా గట్టిది. తర్వాత అదే సంఘంలో కొందరు, ప్రభువు ఎలాగూ వస్తున్నాడు కదా అని పనులు మానేసి ఇంటింటా కబుర్లు చెబుతూ తిరుగుతుంటే, పని చేయనివాడికి తిండి కూడా పెట్టొద్దని రెండో పత్రిక కొరడా ఝుళిపించింది. సువార్త మహాసభల్లో మొదటి పత్రిక మీద రాత్రంతా ప్రసంగిస్తారు. రెండోదాంట్లోని ఈ మాట దగ్గర మాత్రం ఎవరూ ఎక్కువసేపు ఆగరు.

తేదీలు వేసినవాళ్ల సంగతి సరేసరి. అమెరికాలో విలియం మిల్లర్ అనే రైతు బోధ నమ్మి వేలమంది 1844 అక్టోబర్ 22 కోసం ఎదురుచూశారు. కొందరు పంట కోయకుండా చేలోనే వదిలేశారు. మర్నాడు యథాప్రకారం తెల్లారింది. మన దగ్గర ఆ పిచ్చి అంత ముదరలేదు గానీ, ఏ యుద్ధం వచ్చినా, ఏ రోగం వచ్చినా ప్రకటన గ్రంథం మీద కొత్త పటాలు గోడకెక్కుతాయి. 2020లో కరోనా కాలంలో ఫోన్లలో తిరిగినవి అందరికీ గుర్తుండే ఉంటాయి. రాకడ సిద్ధపాటు మీద లోతైన ధ్యానం తెలుగు క్రైస్తవంలో లేకపోలేదు. 1938లో బైబిల్ మిషన్ స్థాపించిన ముంగమూరి దేవదాసు అయ్యగారి బోధలో అది నడుమన ఉంది. భయపెట్టే పటాలకూ ఆ ధ్యానానికీ సంబంధం లేదు.

నాకు పటాల కంటే మనుషుల లెక్క నచ్చుతుంది. భవానీపూర్‌లో పందొమ్మిదో శతాబ్దంలో బడులు నడిపింది లండన్ మిషనరీ సొసైటీ. బెంగాలీలో తొలి నవలల్లో ఒకటనే పేరున్న ‘ఫూల్‌మణి ఓ కరుణార్ బిబరణ్’ 1852లో రాసిన హానా కేథరిన్ మల్లెన్స్ ఆ బడుల టీచరమ్మే. 1858 నాటికే అది మలయాళంలోకి వెళ్లింది. ఆమె 35 ఏళ్లకే, 1861లో కన్నుమూసింది. ఆ సొసైటీ వాళ్లే అంతకుముందు 1805లో విశాఖపట్నంలో దిగారు. జార్జ్ క్రాన్, అగస్టస్ డి గ్రాంజెస్ అనే ఇద్దరు, మతం మారిన ఆనందరాయలు అనే బ్రాహ్మణ పండితుడి సాయంతో సువార్తల్ని తెలుగులోకి తేవడం మొదలెట్టారు. 1809లో క్రాన్ పోయాడు. 1810లో డి గ్రాంజెస్ పోయాడు. వాళ్లు పూర్తిచేసిన సువార్తలు 1812లో హుగ్లీ ఒడ్డున శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. విశాఖ ఎండలో రాసిన తెలుగు పుస్తకం బెంగాల్ అచ్చుయంత్రం మీదుగా బయటికొచ్చింది. రాసినవాళ్లలో ఇద్దరు తెల్లవాళ్లూ దాన్ని కళ్లారా చూడలేదు.

రాకడను నమ్మినవాడు చేయవలసిన పని ఏదో తెలుసుకోవాలంటే భవానీపూర్ వదిలి ఒంగోలు దాకా రావాలి. 1876-78 నాటి ధాత కరువులో మద్రాసు ప్రెసిడెన్సీలో లక్షలమంది చచ్చిపోయారు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఒకప్పుడు సర్వేయరు. ఆయన గంజి కేంద్రం పెట్టి ఊరుకోలేదు. బకింగ్‌హాం కాలువలో సుమారు మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకున్నాడు. ఊళ్లలో బావి దగ్గరికి కూడా రానీయని మాదిగలు అక్కడ పార పట్టి కూలి డబ్బులు తీసుకున్నారు. మిషను బోధకులే మేస్త్రీలు. బాప్తిస్మం ఇమ్మని వందలమంది అడిగారు. క్లౌ ఇవ్వనన్నాడు. కరువు నడిచినంత కాలం, దాదాపు పదిహేను నెలలు, ఎవరికీ ఇవ్వలేదు. తిండి కోసం వచ్చారన్న మాట పడకూడదని ఆయన పట్టుదల. పనులు ముగిశాక, కూలీ ఆగిపోయాక కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. ఇద్దరిద్దరు బోధకులు వంతుల వారీగా నీళ్లలో దిగారు.

ఆ 2,222 సంఖ్యను సంఘాలు ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటాయి. నన్నడిగితే ఆ పదిహేను నెలల మౌనం ఇంకా గొప్పది. చావు చుట్టూ తాండవిస్తుంటే పరలోకం టికెట్టు పంచడం చాలా సులువు. దాన్ని పక్కనపెట్టి మొదట పారలూ, తట్టలూ, వారం కూలీ సిద్ధం చేసినవాడికి, తన దేవుడు తొందరపడడన్న నమ్మకం ఉండి ఉండాలి.

మళ్లీ కోల్‌కతా. భవానీపూర్ దాటి దక్షిణానికి నడిస్తే కాళీఘాట్. కాళీ గుడి పక్కన, యాత్రికుల సత్రంగా ఉన్న భవనంలో మదర్ తెరెసా 1952 ఆగస్టులో నిర్మల్ హృదయ్ తెరిచింది. రోడ్డు మీద చచ్చిపోతున్నవాళ్లను తీసుకొచ్చి పడుకోబెట్టే చోటు. హిందువు నోట్లో గంగాజలం పోశారు, ముస్లింకు ఖురాన్ చదివారు, క్యాథలిక్కుకు అవస్థాభ్యంగం ఇచ్చారు. ఎవరి చావు వారిది. ఈ స్థలం మీద విమర్శ కూడా వచ్చింది. ‘లాన్సెట్’ వైద్య పత్రిక సంపాదకుడు రాబిన్ ఫాక్స్ 1994లో చూసిపోయి, నొప్పి తగ్గించే గట్టి మందులు లేవనీ, రోగ నిర్ధారణ సరిగ్గా లేదనీ రాశాడు. ఆ విమర్శను భక్తి పేరుతో కొట్టిపారేయడం తప్పని నా అభిప్రాయం. బాధ క్రీస్తుకు దగ్గర చేస్తుందన్న మాట, ఒకరు తన బాధ గురించి చెప్పుకుంటే విశ్వాసం. పక్కవాడి బాధ గురించి చెప్పి, మందు సీసా వెతకడం మానేస్తే అది నిర్దయ. రాస్ చదివిన పౌలుకూ, ఈ రెండో రకం మాటకూ పొసగదు. శత్రువన్నాక దానితో కొట్లాడాలి గానీ, దాన్ని ముద్దు చేయకూడదు.

మలేరియా విషయంలో ఆ కొట్లాట ఇంకా అవలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల్లో 2023లో దానివల్ల పోయినవారు 5,97,000 మంది. ఎక్కువమంది ఆఫ్రికా పిల్లలు. ఆ ఏడాదే ఆ సంస్థ సిఫారసు చేసిన ఆర్21 టీకా మన పుణెలో తయారవుతోంది.

మదర్ తెరెసా 1997 సెప్టెంబర్ 5న పోయింది. పదేళ్లకు, 2007లో, ఆమె తన ఆధ్యాత్మిక గురువులకు రాసిన ఉత్తరాలు పుస్తకంగా వచ్చాయి. కాల్చేయమని ఆమె అడిగిన ఉత్తరాలవి. దాదాపు యాభై ఏళ్ల పాటు ప్రార్థనలో దేవుడి జాడ తెలియలేదనీ, లోపలంతా చీకటనీ వాటిలో ఉంది. లోకానికి నవ్వుతూ కనిపించి లోపల నమ్మకం లేకుండా బతికిందని కొందరు ఎత్తిపొడిచారు. నాకలా అనిపించలేదు. కంటికి కనిపించేదాని కోసం ఎవడూ ఎదురుచూడడని రోమా సంఘానికి పౌలు రాశాడు. సృష్టి అంతా ప్రసవవేదనలా మూలుగుతోందనీ, విశ్వాసులు కూడా ఆ మూలుగులో ఉన్నవాళ్లేననీ అదే అధ్యాయంలో చెప్పాడు. ఏ ఓదార్పూ అందని మనిషి రోజూ పొద్దున్నే లేచి మరొకరి పుండు కడిగితే, పౌలు చెప్పిన నిరీక్షణ అదే.

ఆదివారం ఆరాధనలో మనకు సాక్ష్యాల సమయం ఉంటుంది. జ్వరం తగ్గినవాళ్లు లేస్తారు, వీసా వచ్చినవాళ్లు లేస్తారు, కడుపు పండినవాళ్లు లేస్తారు. స్తోత్రం అంటారు, అందరూ స్తోత్రం అంటారు. డయాలసిస్ మంచం నుంచి వారానికి మూడుసార్లు లేచొచ్చే అక్కయ్య వెనక బెంచీలో కూర్చునే ఉంటుంది. ఆమెను ఎవరూ లేవమనరు. నాకింకా తగ్గలేదు, అయినా ఆయన వస్తాడని కాచుకున్నాను అని ఆమె మైకు పట్టుకుని చెబితే, దానికి స్తోత్రం అనడం మన సంఘాలు ఇంకా నేర్చుకోలేదు.