షాటో లాటూర్: చేతులు మారిన వాటాలు, చీలని తోట

గోదావరిఖనిలో ఎవరినైనా "కంపెనీ ఎవరిది?" అని అడగండి. "గవర్నమెంటుది" అంటారు. వయసు పైబడిన కార్మికుడైతే "మొదట తెల్లోళ్లది, తర్వాత నిజాముది" అని కలుపుతాడు. రెండూ నిజమే. 1886లో ఇంగ్లండులో రిజిస్టరైన హైదరాబాద్ దక్కన్ కంపెనీ 1889లో ఇల్లందు దగ్గర బొగ్గు తవ్వడం మొదలుపెట్టింది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడి ఆ ఆస్తులను తీసుకుంది. 1945లో మెజారిటీ వాటాలను హైదరాబాద్ రాజ్యం కొన్నది. నేడు 51 శాతం తెలంగాణ ప్రభుత్వానిది, 49 శాతం కేంద్రానిది. యజమానులు ఇంతమంది మారినా గనిని ఎవరూ ముక్కలుగా పంచుకోలేదు. చేతులు మారినవి వాటాలు మాత్రమే.

ఇది మీకు మామూలు విషయంగా తోచవచ్చు. గనికి బదులు పొలాన్ని తీసుకుని చూస్తే దీని బలం తెలుస్తుంది. మీ ఊళ్లో తాత సంపాదించిన పది ఎకరాలు మనవల నాటికి ఎన్ని గట్లుగా చీలాయో లెక్కపెట్టండి. అలా చీలవలసి ఉండీ చీలని ఒక ద్రాక్షతోటను ఇక్కడ పరిశీలిద్దాం. (వైన్ అనగానే మన వీధి చివరి 'వైన్స్' గుర్తుకు రావడం సహజం. అక్కడ అమ్ముడయ్యే వాటిలో వైన్ తక్కువే. వైన్ అంటే ద్రాక్షరసాన్ని పులియబెట్టి చేసేది, బట్టీ పట్టి తీసేది కాదు.)

ఫ్రాన్సులో బోర్డో నగరానికి వాయవ్యంగా, జిరోండ్ నదీముఖం ఒడ్డున పోయాక్ అనే ఊరుంది. అక్కడి ఎస్టేట్ పేరు షాటో లాటూర్. దాని అసలు గుండె 'లాంక్లో' అనే సుమారు 47 హెక్టార్ల తోట, అంటే మన లెక్కలో దాదాపు 116 ఎకరాలు. పైన గులకరాళ్ల నేల. ఎక్కువగా కాబర్నే సోవిన్యోన్ రకం ద్రాక్ష. 1855లో పారిస్ ప్రదర్శన కోసం బోర్డో వైన్లకు తరగతులు నిర్ణయించినప్పుడు మొదటి తరగతిలో చోటు దక్కిన నాలుగింటిలో ఇది ఒకటి.

18వ శతాబ్దంలో ఈ తోట సెగ్యూర్ కుటుంబానిది. నికోలా అలెగ్జాండ్ర్ ద సెగ్యూర్ చేతిలో లాటూరే కాక, అంతే పేరున్న లఫీట్ కూడా ఉండేది. 1755లో ఆయన పోయాక ఆస్తి కూతుళ్లకు సంక్రమించింది. తర్వాత ఫ్రెంచి విప్లవం వచ్చింది. ఆ పైన 1804 నాటి నెపోలియన్ చట్టం తండ్రి ఆస్తి పిల్లలకు సమానంగా చెందాలన్నది. న్యాయమైన చట్టమే, కానీ తోటకు గండం. వారసులు 1842లో ఒక ఉపాయం చేశారు. తోటను ఒక కంపెనీ పేర పెట్టి, తాము అందులో వాటాదారులయ్యారు. ఇక పంపకానికి వచ్చేది కాగితమే, నేల కాదు.

ఆ పని చేయకపోతే ఏమయ్యేదో ఊహించనక్కరలేదు. బర్గండీ ప్రాంతంలో క్లో ద వూజో అనే తోట ఉంది. దాదాపు 50 హెక్టార్లు, లాంక్లో అంతే. ఒకప్పుడు క్రైస్తవ సన్యాసులది. విప్లవంలో వారి చేయి జారినా ఒక్క తోటగానే నిలిచింది. 1889లో దాన్ని పలువురికి అమ్మారు. ఇప్పుడు దానికి సుమారు 80 మంది యజమానులు. ఒక్కొక్కరికి కొన్ని సాళ్లు. సీసాపై పేరు ఒకటే, లోపలి వైన్ మాత్రం ఎవరు చేస్తే వారిది. కొనేవాడు తోట పేరుతో పాటు తయారీదారు పేరూ చూసుకోవాలి.

లాటూర్ వాటాల్లో ఎక్కువ భాగం 1963 దాకా సెగ్యూర్ వారసుల దగ్గరే ఉండి, ఆ ఏడు బ్రిటిష్ వారి చేతికి వెళ్లింది. పియర్సన్ సంస్థది పెద్ద వాటా, బ్రిస్టల్ నగరపు వైన్ వ్యాపారి హార్వేస్‌ది చిన్న వాటా. కొత్తవారు డబ్బు పెట్టారు. 1964లో రసం పులియబెట్టే చెక్కతొట్ల స్థానంలో స్టెయిన్‌లెస్ స్టీలు ట్యాంకులు వచ్చాయి. 1966 పంటతో 'లే ఫోర్ ద లాటూర్' అనే రెండో వైన్ మొదలైంది. దాని వల్ల మొదటి దానికి ఏరిన సరుకే వాడే వీలు కలిగింది. 1989లో అలైడ్ లయన్స్ చేతికీ, 1993లో ఫ్రెంచి వ్యాపారి ఫ్రాంస్వా పినో చేతికీ వెళ్లింది.

యజమాని ఎవరన్నది అప్రధానమని దీన్నుంచి అనుకోకండి. బోర్డోలో ఒక పద్ధతి ఉంది: పంట తర్వాతి వసంతంలో, వైన్ ఇంకా పీపాలో ఉండగానే అమ్మేస్తారు. సీసా చేతికందేది ఆ తర్వాత ఎప్పుడో. ఎస్టేటుకు డబ్బు ముందే వస్తుంది. 2012లో లాటూర్ ఈ పద్ధతి నుంచి తప్పుకుంది. వైన్ తాగడానికి సిద్ధమయ్యేదాకా తన నేలమాళిగలోనే ఉంచి, అప్పుడు అమ్ముతానన్నది. ఏళ్ల తరబడి రాబడి ఆపుకోగల ఒక్క పెద్ద యజమానికే అది సాధ్యమని నా అభిప్రాయం. ఏటా డివిడెండు కోసం ఎదురుచూసే వాటాదారులు ఒప్పుకునేవారు కాదు.

పోలిక ఒక చోట తెగుతుంది. సింగరేణి ఖమ్మం జిల్లాలోని ఒక ఊరి పేరు. బొగ్గు ఉన్నచోటికల్లా కంపెనీ ఆ పేరును మోసుకుని గోదావరిఖని దాకా వచ్చింది. లాటూర్‌కు ఆ వీలు లేదు. లాంక్లో గులకరాళ్లను దాటి అవతలి గట్టున పండిన ద్రాక్ష, యజమాని ఎవరైనా, ఆ మొదటి వైన్‌లోకి రాదు.