ఏట్లో దిగొచ్చిన బండి ముందు చక్రం ఎందుకు అరుస్తుంది? ఫోర్ వీల్ డ్రైవ్ హబ్ రిపేర్

ఈరోజు మంత్రాలయంలో ఒక మెకానిక్ అన్న షెడ్డులో ఉన్నాం. స్టాండ్ల మీద ఉన్న ఈ బండి పాత మహీంద్రా ఫోర్ వీల్ డ్రైవ్. జీపు చాసిస్, వెనక తొట్టి. ఓనరు పత్తి, మిరప వేసే రైతు. ఎడమ ముందు చక్రానికి ఏడాదిలో ఇది మూడో బేరింగ్ సెట్టు. "అన్నీ డూప్లికేట్ బేరింగులే వస్తున్నాయన్నా" అని ఆయన బాధ. మార్కెట్లో డూప్లికేట్లు లేవని కాదు గానీ, ఈ బండిలో దొంగ వేరే ఉన్నాడు.

ముందు ఈ హబ్ లోపల ఏముందో చూద్దాం. మామూలు జీపులో ముందు చక్రం తిరుగుతూ, స్టీరింగ్‌తో పక్కకు మళ్లితే చాలు. ఫోర్ వీల్ డ్రైవ్‌లో అది తిరగాలి, స్టీరింగ్‌తో పక్కకు మళ్లాలి, ఇంజన్ బలాన్ని కూడా నేలకు చేర్చాలి. అందుకే యాక్సిల్ చివర గుండ్రంగా ఒక బంతిలాంటి భాగం ఉంటుంది, దాని లోపల జాయింట్. బంతికి పైనా కిందా ఉన్న కింగ్ పిన్‌ల మీద చక్రం పక్కకు మళ్లుతుంది. జాయింట్ నుంచి వచ్చే షాఫ్టు, స్పిండిల్ అనే గొట్టం మధ్యలోంచి బయటికి వచ్చి హబ్‌కి బిగుస్తుంది. హబ్ మాత్రం ఆ గొట్టం మీద రెండు టేపర్ బేరింగుల పైన తిరుగుతుంది. లోపలి వైపు ఒక ఆయిల్ సీల్. రబ్బరు పెదవి ఉన్న చిన్న రింగు. చవకైన సామానే, కానీ కథంతా దీని దగ్గరే.

ఇప్పుడు మన తుంగభద్ర. ఎండలో, ఇసుకలో లో గేర్‌లో లాగి, బ్రేకులు కొట్టి బండి ఏటి దాకా వస్తుంది. అప్పటికి హబ్ కాలిపోతుంటుంది, లోపలి గాలి వ్యాకోచించి ఉంటుంది. అలాగే నీళ్లలో దింపుతాం. హబ్ ఒక్కసారిగా చల్లబడుతుంది, లోపలి గాలి కుంచించుకుపోతుంది. వేడినీళ్లతో కడిగిన ప్లాస్టిక్ బాటిల్‌కి వెంటనే మూత బిగించి చన్నీళ్లలో ముంచండి, నొక్కుకుపోతుంది. బాటిల్‌లాగా హబ్ నొక్కుకోలేదు, ఇనుము కదా. అందుకని అరిగిన సీల్ పెదవి సందులోంచి నీళ్లు పీల్చుకుంటుంది. నీళ్లతో పాటు సన్న ఇసుక. అంటే నీళ్లు వాటంతటవే లోపలికి పోవట్లేదు, బండే వాటిని తాగుతోంది.

యాక్సిల్ హౌసింగ్‌ది కూడా ఇదే కథ. దానికి గాలి ఆడటానికి పైన బ్రీదర్ ఉంటుంది. నల్లరేగడి బురద ఎండి అది మూసుకుపోతే, వేడెక్కినప్పుడు లోపలి ఆయిల్ సీళ్లను తోసుకొని బయటికి వస్తుంది, చల్లబడినప్పుడు నీళ్లు లోపలికొస్తాయి. ఈ బండి బ్రీదర్‌ని చూడండి, ఇటుకలా గట్టిపడింది. బేరింగులు మూడుసార్లు మారాయి గానీ దీన్ని ఒక్కసారి కూడా ఎవరూ ముట్టుకోలేదు.

సరే, ఏది పోయిందో ఎలా తెలుస్తుంది? చక్రం లేపి, పైనా కిందా పట్టుకొని ఊపండి. లూజు తగిలిందా? ఇప్పుడు ఇంకొకరిని బ్రేక్ తొక్కి పట్టుకోమని మళ్లీ ఊపండి. లూజు పోయిందంటే అది బేరింగ్‌ది. బ్రేక్ తొక్కినా అలాగే ఉందంటే కింగ్ పిన్ వైపు చూడాలి. ఈ ఒక్క పరీక్ష చేయకుండా బేరింగులు మార్చేవాళ్లు చాలామంది. బండి నడుస్తున్నప్పుడైతే, కుడికి తిప్పితే బరువు ఎడమ చక్రం మీద పడుతుంది. అప్పుడు ఊళ పెరిగితే అనుమానం ఎడమ బేరింగ్ మీదే.

హబ్ విప్పాం. గ్రీజు రంగు చూడండి, పాలెక్కువైన టీలా ఉంది. అంటే నీళ్లు కలిశాయి. రోలర్ల మీద చిన్న చిన్న గుంటలు, అది తుప్పు. బంతి లోపల గ్రీజు ఉండాల్సిన చోట పల్చటి ఆయిల్ నిండి ఉంటే, యాక్సిల్ లోపలి సీల్ కూడా పోయినట్టే. అది కారి బ్రేక్ షూల మీదకు వచ్చిందంటే ఇక ఖర్చు గురించి కాదు, ప్రాణం గురించి ఆలోచించాలి.

కొత్త బేరింగ్ వేస్తే దాని కప్పు కూడా కొత్తదే వేయాలి. పాత కప్పులో కొత్త రోలర్లు తిప్పితే కొత్తవీ తొందరగా పోతాయి. సీల్ ఎప్పుడూ కొత్తదే. స్పిండిల్ మీద సీల్ ఆనే చోట గాడి పడిందేమో గోరుతో గీకి చూడండి. గాడి తగిలితే ఎంత మంచి సీల్ వేసినా ఆగదు. గ్రీజు పైన పూస్తే చాలదు. అరచేతిలో పెట్టుకొని, రోలర్ల సందుల్లోంచి అవతలికి వచ్చేదాకా నొక్కాలి.

అసలు పనితనం నట్టు బిగించడంలో ఉంది. ఉలి పెట్టి సుత్తితో కొట్టే పద్ధతి నాకు అస్సలు నచ్చదు, బాక్స్ పానా కొనండి. పాత జీపు హబ్బుల్లో పద్ధతి ఇది: చక్రం తిప్పుతూ, అది పట్టేసేదాకా లోపలి నట్టు బిగించాలి. తర్వాత సుమారు ఆరో వంతు చుట్టు వెనక్కి, అంటే ఆరు మూలల నట్టుకి ఒక మూల. తర్వాత లాక్ వాషర్, బయటి నట్టు, వాషర్ అంచు వంచడం. బయటి నట్టు బిగిశాక లూజు మళ్లీ చూడాలి, ఎందుకంటే ఆ బిగింపుతో సెట్టింగ్ కొంచెం మారుతుంది. మరీ టైట్ అయితే బేరింగ్ కాలిపోతుంది. మరీ లూజైతే చక్రం ఊగుతుంది, సీల్ మళ్లీ అరుగుతుంది. వాషర్ వంచడం మర్చిపోతే నట్లు మెల్లగా వదులై, చక్రం నిలబడుతుందన్న గ్యారంటీ లేదు. వెనక తొట్టిలో కూలీలు ఉంటారు కదా.

కొత్త పికప్‌లలో చాలావాటికి ఈ సర్దుబాటు ఉండదు, సీల్డ్ హబ్ యూనిట్ మొత్తం మార్చాలి. వాటిలో బంతి బదులు సీవీ జాయింట్, దాని మీద రబ్బరు బూటు. బూటు చిరిగిన రోజే మారిస్తే బూటు ఖర్చుతో పోతుంది. ఇసుక చేరాక చూస్తే జాయింట్ కూడా కొనాలి.

ఇంకోటి, ఇసుక దాటి తారు రోడ్డెక్కగానే ఫోర్ వీల్ తీసేయండి. ఇలాంటి బండ్లలో ముందు, వెనక యాక్సిళ్లు నేరుగా లాక్ అయి ఉంటాయి. మలుపులో ముందు చక్రాలు వెనకవాటి కన్నా ఎక్కువ దూరం తిరగాలి. ఇసుకలో అవి జారి సర్దుకుంటాయి. తారు మీద జారలేవు, ఆ మెలి అంతా జాయింట్ల మీద పడుతుంది.

ఈ రైతన్నకి మెకానిక్ అన్న చెప్పింది మూడే. ఏటి గడ్డన బండి ఆపి, హబ్ మీద చెయ్యి పెట్టగలిగేంత చల్లారాకే దిగాలి. హబ్ మునిగేంత నీళ్లలో తిరిగితే, ఆ వారంలోనే విప్పి గ్రీజు చూడాలి. కొత్త బేరింగ్ వేశాక కొంతదూరం నడిపి, రెండు ముందు హబ్బులూ చేత్తో తాకి పోల్చాలి. రెండూ ఒకేలా గోరువెచ్చగా ఉంటే పర్లేదు. ఒకటి మాత్రమే చుర్రుమంటే, ఇంటికి పోకుండా నేరుగా షెడ్డుకే రమ్మన్నాడు.