మృత్యులోయకు గూడుబండి ప్రయాణం

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మన పెద్దలంటారు. ఆ ఎండలకే మనం నీడపట్టున కూర్చుని, కుండలో నీళ్లు తాగుతూ, వాన ఎప్పుడు పడుతుందా అని ఆకాశంకేసి చూస్తాం. మన రోహిణి ఎండలు కూడా నయమనిపించే చోటు ఒకటి భూమి మీద ఉన్నది. అది అమెరికాలో, కాలిఫోర్నియా రాష్ట్రపు తూర్పు అంచున ఉన్న ఎడారి. దాని పేరు డెత్ వ్యాలీ, అంటే మృత్యులోయ. 1913 జూలై 10వ తేదీన అక్కడి ఫర్నెస్ క్రీక్ అనే చోట గాలి ఉష్ణోగ్రత 56.7 డిగ్రీల సెల్సియస్‌కు చేరింది. ప్రపంచంలో అధికారికంగా నమోదైన ఉష్ణోగ్రతలన్నిటిలోనూ అదే ఎక్కువ.

అక్కడ అంత వేడి ఎందుకు? ఆ లోయ పొడుగ్గా, ఇరుకుగా ఉంటుంది. రెండు వైపులా ఎత్తయిన కొండలు. లోయలోకెల్లా పల్లమైన చోటు సముద్రమట్టానికి 86 మీటర్లు దిగువన ఉన్నది. మూడు తాటిచెట్లను ఒకదాని మీద ఒకటి నిలబెట్టినా సముద్రమట్టం అందడం కష్టమే! పగలంతా ఎండకు నేల కాలిపోతుంది. వేడెక్కిన గాలి పైకి లేచి, కొండల గోడలు దాటిపోలేక మళ్లీ లోయలోకే దిగుతుంది. దిగేటప్పుడు ఒత్తిడికి ఇంకా వేడెక్కుతుంది. ఇక పసిఫిక్ మహాసముద్రం మీది నుంచి వచ్చే మబ్బులు ఈ లోయను చేరాలంటే కొన్ని కొండల బారులను దాటాలి. ఒక్కొక్క బారు దగ్గర కాస్త కాస్త కురిసి, లోయకు వచ్చేసరికి వాటిలో తడి మిగలదు. అందుచేత అక్కడ ఏడాది మొత్తం మీద కురిసే వాన సగటున ఆరు సెంటీమీటర్లకు లోపే.

ఈ లోయకు ఆ పేరు ఎలా వచ్చిందో తెలుసుకోవాలంటే 1849వ సంవత్సరానికి వెళ్లాలి. కాలిఫోర్నియాలో బంగారం దొరుకుతున్నదని విని వేలకొద్దీ జనం ఎద్దుల గూడుబండ్లు కట్టుకుని పడమటికి బయలుదేరారు. వారిలో కొందరు అడ్డదారిన పోతే త్వరగా చేరతామనుకుని, ఆ డిసెంబరులో ఈ లోయలోకి దిగారు. తిండి అయిపోవచ్చింది. ఎదురుగా బండ్లు ఎక్కలేని కొండలు. బెన్నెట్, ఆర్కాన్ అనే రెండు కుటుంబాల వారు నలుగురు చిన్నపిల్లలతో ఒక నీటి ఊట దగ్గర ఆగిపోయారు.

అప్పుడు విలియం మాన్లీ, జాన్ రోజర్స్ అనే ఇద్దరు యువకులు, ''మేం పోయి సాయం తెస్తాం'' అని కాలినడకన బయలుదేరారు. సుమారు 250 మైళ్లు నడిచి, జనం ఉన్న చోటికి చేరారు. వాళ్లిద్దరూ అక్కడే ఉండిపోతే అడిగేవారెవరు? కాని వాళ్లు మాట తప్పలేదు. తిండిసామాను ఒక కంచరగాడిద మీద వేసుకుని, మళ్లీ అదే ఎడారిలోకి నడిచారు. వారు తిరిగి వచ్చేసరికి 26 రోజులైంది. ఆ రెండు కుటుంబాలూ ఇంకా అక్కడే వారి కోసం ఎదురు చూస్తూ ఉన్నాయి. ఆగలేక ముందే బయలుదేరిన ఒకాయన మాత్రం దారిలో ప్రాణం విడిచాడు.

అందరూ బండ్లు వదిలేశారు. గట్టి చొక్కాలను సంచులుగా కుట్టి, ఒక ఎద్దుకు రెండు వైపులా వేలాడదీసి, వాటిలో పిల్లలను కూర్చోబెట్టారు. అలా నడిచి బయటపడ్డారు. కొండ ఎక్కాక వారిలో ఒకరు వెనక్కి తిరిగి చూసి, ఆ చోటును మృత్యులోయ అంటూ సెలవు తీసుకున్నారనీ, ఆనాటి నుంచి ఆ పేరు నిలిచిపోయిందనీ చెబుతారు.

అయితే అది దారి తప్పిన బాటసారులు పెట్టిన పేరు. అంతకు ఎంతో కాలం ముందు నుంచీ టింబిషా షోషోనీ తెగవారు అక్కడే కాపురం ఉంటున్నారు. ఏ ఊట ఎక్కడున్నదో వారికి తెలుసు. ఎండాకాలం వస్తే చల్లని కొండల మీదికి వెళ్లేవారు. చలికాలంలో లోయకు దిగేవారు. మెస్కీట్ చెట్టు కాయలను పిండి కొట్టుకుని తినేవారు. వారికి అది మృత్యులోయ కాదు, సొంత ఊరు. 2000వ సంవత్సరంలో అమెరికా ప్రభుత్వం ఒక చట్టం చేసి, వారి పూర్వపు నేలలో కొంత భాగం వారికి తిరిగి ఇచ్చింది.

ఈ లోయ 1994లో జాతీయ ఉద్యానవనం అయింది. ఇప్పుడు జనం కాంపర్ వ్యాన్ అనే కొత్తరకం గూడుబండిలో అక్కడికి వెళుతున్నారు. దీన్ని లాగడానికి ఎద్దులు ఉండవు, ఇంజను ఉంటుంది. లోపల పడుకోవడానికి మంచం, వండుకోవడానికి పొయ్యి, నీళ్ల తొట్టి, సామాను అరలు అన్నీ అమర్చి ఉంటాయి. తల్లిదండ్రులు పిల్లలతో సహా అందులోనే వండుకు తిని, అందులోనే నిద్రపోవచ్చు. లోయలో ఇలాంటి బండ్లు ఆపుకునేందుకు విడిది స్థలాలున్నాయి. ఫర్నెస్ క్రీక్‌లోని విడిది సముద్రమట్టానికి 60 మీటర్లు దిగువన ఉన్నది!

బండి మారింది గాని, ఎడారి మారలేదు. అందుచేత అక్కడికి వెళ్లేవారు కొన్ని నియమాలు పాటించాలి. నవంబరు నుంచి మార్చి దాకా వెళ్లడం మంచిది. మనిషికి రోజుకు కనీసం నాలుగు లీటర్ల నీరు బండిలో ఉండాలి. మరి నలుగురున్న కుటుంబం మూడు రోజులుంటే ఎన్ని లీటర్లు కావాలో మీరే లెక్క కట్టండి. నలభై ఎనిమిది లీటర్లు! గిన్నెలు కడగడానికీ, వేడెక్కిన ఇంజనుకు పోయడానికీ కావలసిన నీరు దీనికి అదనం. పెట్రోలు దొరికే చోట్లు కొద్ది, కాబట్టి ముందే నింపుకోవాలి. లోయలో చాలా చోట్ల టెలిఫోను పనిచేయదు. దారి చూపే యంత్రం ఒక్కొక్కసారి తప్పుదారి పట్టిస్తుంది. అందుచేత కాగితం మీది పటం దగ్గర ఉంచుకోవాలి. ఎప్పుడు తిరిగి వస్తారో ఇంటి దగ్గర ఎవరికైనా చెప్పి పోవాలి. బండి చెడిపోతే దాన్ని వదిలి నడవరాదు. వెతికేవారికి మనిషి కంటే బండి సులువుగా కనిపిస్తుంది. పైగా నీడా, నీళ్లూ ఉండేది అందులోనే.

ఈ జాగ్రత్తలు తీసుకున్నవారికి లోయ ఎన్నో వింతలు చూపుతుంది. బాడ్‌వాటర్ అనే చోట మంచు పరిచినట్టు తెల్లని ఉప్పునేల మైళ్ల పొడుగునా ఉంటుంది. పక్కనున్న కొండ మీద ఎంతో ఎత్తున సముద్రమట్టం గుర్తు కనిపిస్తుంది. సాల్ట్ క్రీక్ అనే ఉప్పువాగులో బొటనవేలంత పప్‌ఫిష్ చేపలు ఈదుతుంటాయి. సముద్రపు నీటి కంటే ఉప్పగా ఉన్న నీటిలో కూడా అవి బతకగలవు. కంగారూ ఎలుక అనే చిన్న జంతువుకు నీళ్లు తాగే పనే లేదు. అది తిన్న గింజల నుంచే దాని శరీరం తనకు కావలసిన నీటిని తయారు చేసుకుంటుంది.

అన్నిటికంటే వింత రేస్‌ట్రాక్ అనే ఎండిపోయిన చెరువు. ఆ నేల మీద రాళ్లు తమంతట తామే జరిగినట్టు వెనక పొడుగాటి చారలుంటాయి. ఎన్నో ఏళ్లు ఎవరికీ కారణం అంతుపట్టలేదు. 2013 డిసెంబరులో శాస్త్రజ్ఞులు అవి కదలడం కళ్లారా చూశారు. చలికాలపు వాననీరు రాత్రివేళ పలచని మంచు పలకగా గడ్డకడుతుంది; పగటి ఎండకు అది విరుగుతుంది; మెల్లని గాలికే ఆ మంచు ముక్కలు కదిలి రాళ్లను నెడతాయి! ఆ చెరువుకు పోయే దారి 43 కిలోమీటర్ల రాళ్లబాట. టైర్లు కోసుకుపోతాయి కనుక కాంపర్ వ్యాన్ అక్కడికి తగదు, జీపులో పోవాలి. నేల తడిగా ఉన్నప్పుడు దాని మీద అడుగు పెట్టరాదు. మన అడుగుజాడ ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతుంది.

వేల ఏళ్ల కిందట, మంచుయుగంలో ఈ లోయలో పెద్ద సరస్సు ఉండేది. శాస్త్రజ్ఞులు దానికి మాన్లీ సరస్సు అని పేరు పెట్టారు. 2023 ఆగస్టు 20న హిలరీ అనే తుఫాను వచ్చి, ఏడాదిలో పడే వాన కంటే ఎక్కువ ఒక్కరోజులోనే కురిపించింది. ఉప్పునేల మీద మళ్లీ సరస్సు వెలిసింది. 2024 ఫిబ్రవరిలో మరిన్ని వానలు పడి, అది పది కిలోమీటర్ల పొడుగున, అడుగు లోతున నిలిచింది. కొన్ని వారాలు జనం అందులో చిన్న పడవలు కూడా నడిపారు. తర్వాత అది ఎండిపోయింది. ఎడారిలో చిక్కుకున్న వారికోసం తిరిగి వచ్చిన మనిషి పేరు ఆ ఎడారి సరస్సుకు పెట్టడం ఎంతో సముచితంగా ఉన్నది.